వాసెన కట్టిన పైపు

ఇల్లు మారేటప్పుడు ఎంగిలి వస్తువు ఒక్కటి కూడా కొత్త గడప దాటకూడదు. ఇది మా అమ్మ మాట. ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. మా వాళ్ళు కోస్తాలో పొలాలు అమ్ముకుని, ఇక్కడ కాలవ కింద పొలాలు కొనుక్కుని దేశనూరు వచ్చినప్పుడు, రైలెక్కే ముందు రోజు మా అమ్మ ఇంట్లోని గిన్నె, గరిటె, గ్లాసు, చివరికి మా తమ్ముడి పాలగిన్నె దాకా చింతపండు, బూడిద పెట్టి తోమి ఎండలో ఆరబెట్టింది. ఆ రక్తమే నాది. దాంతో నేను చేసిన ఘనకార్యం ఎవరికీ చెప్పుకునేది కాదు. అయినా చెబుతాను.

నన్ను సండూరు ఇచ్చారు. అత్తవారు తరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. మాటలో సగం కన్నడం. నా యాస విని వీధిలో ఆడవాళ్ళు పడీ పడీ నవ్వి, నాకు ‘అండీ అమ్మ’ అని పేరు పెట్టారు. పెట్టనీ, నేనూ ఊరుకోలేదు, వాళ్ళకూ తలా ఒకటి పెట్టాను. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే, మా వారు, మామయ్య, నేను. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవారట. తీయించుకోకపోయినా తగ్గింది, పాపం. ఆమె ఎలా ఉండేవారని అడిగితే మా వారు "మా అమ్మ మాదిరే ఉండె" అనేవారు. ఆ జవాబుతో ఏం చేసుకోను?

మామయ్య మాంగనీసు గని ఆఫీసులో శాంపిల్ రూము గుమాస్తా. కొండ మీద ఏ గుంతలో ఏ రాయి తీశారో చీటీ రాసి, చిన్న గుడ్డసంచిలో కట్టి, పెట్టెలో సర్ది పరీక్షకు పంపడం ఆయన పని. ముప్పై ఏళ్ళు అదే చేశారు. పాత దొర ఒకాయన ఊరు వదిలి పోతూ ఈయనకు తన పైపులు ఇచ్చిపోయాడు. పొగ తాగే పైపులు, నున్నటి కట్టెతో చేసినవి. ముందు గదిలో గోడకు ఒక పలక కొట్టి వాటిని వరసగా నిలబెట్టారు. నేను వచ్చేనాటికే డాక్టరు పొగ మానెయ్యమన్నాడు, ఆయన మానేశారు. అయినా రోజూ సాయంత్రం ఒక పైపు తీసి, ఖాళీదే నోట్లో పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని ఎర్రకొండల వైపు చూసేవారు. నాకు ఒళ్ళు మండేది. కాల్చనివాడికి పైపెందుకు? పైగా ప్రతి ఒక్కటీ ఎంగిలి!

అరవైల మొదట్లో ఆయన ఉద్యోగం ముగిసింది. కంపెనీ క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. మా వారికి దేశనూరు దగ్గర బియ్యం మిల్లులో పని దొరికింది, ముందే వెళ్ళిపోయారు. సామాను కట్టి, మామయ్యను వెంటబెట్టుకుని వెళ్ళడం నా వంతు. మిల్లు లారీ రావడానికి మూడు రోజులుందనగా మామయ్య చివరిసారి ఆఫీసుకు వెళ్ళారు. ఇదే అదననుకుని నేను కొంగు బిగించాను.

పలక మీద ఆరు పైపులున్నాయి. ఆరింటినీ కుంకుడు రసం కలిపిన వేడినీళ్ళలో వేశాను. నానాక చూస్తే లోపలంతా మందంగా మసి. ఛీ, ఇన్నేళ్ళ దరిద్రమనుకుని, కొబ్బరి గీకే కత్తి మొనతో గీకి గీకి కట్టె తెల్లగా తేలేదాకా వదల్లేదు. చింతపండుతో తోమాను. తీసుకెళ్ళి మిద్దె మీద చాప పరిచి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబెట్టాను. కిందికి వచ్చి అన్నం తిన్నాను. ఎంత హాయిగా తిన్నానో ఇప్పటికీ గుర్తు.

మామయ్య వచ్చేసరికి రెండు నిలువునా చీలి ఉన్నాయి. మిగతా నాలుగింటి నునుపు పోయింది, నోట్లో పెట్టుకునే నల్లటి కాడలు బూడిద రంగుకు తిరిగాయి. నేను చాపతో సహా తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాచడం నాకు చేతకాదు. ఆయన పైపుల వైపు చూడలేదు, నా మొహం వైపు చూశారు.

"ఎన్ని కడిగితివమ్మా?"

"ఆరూ కడిగేశానండి మామయ్యా. రెండు పగిలాయి."

"ఆరేనా? జొన్నల డబ్బాలో చెయ్యి పెట్టినావా?"

"లేదండి."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డదాన్ని, ఒక్క మాటా రాకపోయేసరికి ఏడుపొచ్చింది. ఆయనే అన్నారు, "లోపలి మసి గలీజు కాదమ్మా. అది ఉంటేనే కట్టె కాలకుండా ఉండేది. ఏండ్లు పడతాది అది పట్టేకి. నీకెట్ల తెలుస్తాది, పోనీలే." ఆ పోనీలే విన్నాక నేను ఇంకా ఏడ్చాను.

అప్పుడు ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. జొన్నల డబ్బా మూత తీసి మోచేతి దాకా చెయ్యి దించి, అడుగు నుంచి ఒక శాంపిల్ సంచి తీశారు. ముడి విప్పారు. లోపల ఏడో పైపు. మిగతావాటికన్నా చిన్నది, నగిషీ ఏదీ లేనిది. దాన్ని చాప దగ్గరికి తెచ్చి నిటారుగా పట్టుకుని, దీపం చూపించినట్టు నాకు చూపించారు.

"మీ అత్త నింపింది ఇది" అన్నారు.

అత్తగారికి ఈ పైపులంటే నాకున్నంత మంటా ఉండేదట. "ఆ కొళవె నోట్లోనించి తియ్యవు గదా" అని ఆ గొట్టం గురించి రోజూ సాధించేవారట. కానీ నింపడం మాత్రం ఆమే నింపాలి. మామయ్య నింపితే గట్టిగా కూరేస్తారని, పొగ లాగదని, లాక్కుని మరీ నింపేవారట.

"ఆపొద్దు సందకాడ నింపి గూట్లో పెట్టె. 'రోంత నడుం వాలుస్తా, నువ్వు అంటించుకో' అనె. నేను కాళ్ళు కడుక్కొని వచ్చేతలికి..." ఆమె మళ్ళీ లేవలేదట. "తొమ్మిదేండ్లాయె. అంటించబుద్ధి కాలేదు."

నేను వంగి చూశాను. గిన్నెలో, అంటే పొగాకు నింపే గుండ్రటి భాగంలో, ఎండిన పొగాకు మీద ఒక గుంట ఉంది. బొటనవేలు నొక్కిన గుంట. ఒక పక్కన సన్నటి గోటి గీత. అంతే. రెండేళ్ళుగా ఆమె కత్తిపీటతో కూరలు తరుగుతున్నాను, ఆమె రోట్లో పచ్చడి నూరుతున్నాను, ఆమె ఎవరో నాకు తెలియదు. ఇక్కడ ఉన్నారు అత్తగారు, బొటనవేలంత మేర, నిన్ననే నొక్కి పక్కన పెట్టినట్టు. చిన్న వేలు. గోరు కొంచెం పెంచుకునేవారు. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఎంగిలి సంగతి నాకు ఆ క్షణాన గుర్తే రాలేదు.

"దీన్ని ఆ ఊరు చేర్చల్ల" అన్నారు మామయ్య. "నా చేతులు వణుకుతాండాయి. నువ్వే కట్టు."

ఆరు పైపుల్ని మంటగలిపినదాన్ని నేను. ఏడోది నా చేతుల్లో పెడుతున్నారు! మనిషన్నవాడికి అంత పెద్ద మనసెక్కడిది?

దగ్గరగా మొహం పెట్టి చూస్తుంటే నా ఊపిరికే ఒక రేకు కదిలింది. వెంటనే మొహం వెనక్కి తీసుకున్నాను. ఇతర వస్తువుల సంగతి నాకు తెలియకపోవచ్చు, పొగాకు తెలుసు. కోస్తాలో మా ఇంటి వెనకే పొగాకు కాల్చే బ్యారన్, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టు, ఉండేది. కాల్చి దించిన ఆకు ఎండి పెళుసుగా ఉంటుంది. అప్పుడు ముట్టుకున్నామా, పొడి. అందుకే దానికి చెమ్మ తగలనిచ్చి, మెత్తబడ్డాకే చెయ్యి వేస్తారు. దాన్ని పదును అంటారు. పదునెక్కిన ఆకు వంగుతుంది, విరగదు. జొన్నల్లో తొమ్మిదేళ్ళు ఎండిన ఈ పొగాకు, సండూరు నుంచి దేశనూరు దాకా ఆ రోడ్ల మీద లారీలో పోతే మొదటి గుంతకే రాలిపోతుంది. గుంట పూడిపోతుంది.

అదే చెప్పాను. దీనికి చెమ్మ పెట్టాలన్నాను.

మామయ్య పైపును గుండెకు ఆనించుకున్నారు. "నీళ్ళా? మళ్ళా నీళ్ళేనా తల్లీ?"

"నీళ్ళు కాదండి మామయ్యా, పదును. ఒక్క చుక్క కూడా తగలనివ్వను."

చీలిన పైపులు చాప మీద మా ఇద్దరి మధ్యనే ఉన్నాయి. ఆయన కాదని ఉంటే తప్పేం లేదు, నేనే అయితే కాదనేదాన్ని. చెమ్మ ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే దారిలో రాలుతుంది. రెండిట్లో ఏది జరిగినా అత్తగారు ఇంక ఎక్కడా ఉండరు. ఆ భయం ఆయనకూ ఉంది, నాకూ ఉంది.

చివరికి ఆయన లేచి, పాత పొగాకు డబ్బా వెతికి తెచ్చారు. అడుగున నాలుగు చిటికెలు మిగిలి ఉన్నాయి, అదే పొగాకు, అంతే ఎండినది. "ముందు శాంపిల్ పెట్టు" అన్నారు. "పక్కన ఇది పెట్టి దీన్నే ముట్టి చూడు. దాన్ని ముట్టొద్దు." ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఆ ఒక్క మాటలో ఉంది.

మర్నాడు పొద్దున గంగాళం అడుగున, తడిపి గట్టిగా పిండిన గోనెపట్టా వేశాను. దాని మీద పీట. పీట మీద జొన్నలు పోసిన గ్లాసులో పైపును నిటారుగా గుచ్చాను. పక్కన పళ్ళెంలో డబ్బాలోని చిటికెడు పొగాకు. పైన మూత. మామయ్య గంగాళం పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను ఎంత పోరినా అన్నానికి లేవలేదు.

అలా కూర్చునే ఆ ఆరు పైపుల్ని సర్దారు. నేను చూస్తూ నేర్చుకున్నాను. కాడను గిన్నె నుంచి ఒక్కసారి లాగరు, ఒకే వైపుకు మెల్లగా తిప్పుతూ తీస్తారు. కాడ ఒక గుడ్డలో, గిన్నె ఒక సంచిలో. ప్రతి సంచికీ చీటీ. పెట్టెలో అట్టముక్కలతో గదులు చేసి, గదికొకటి చొప్పున పెట్టి, సందుల్లో గడ్డి కూరారు. "రాయికి రాయి తగలగూడదు" అని తనలో తనే అనుకుంటున్నారు. నిలువునా చీలిన రెండింటికీ అదే మర్యాద, అదే గుడ్డ, అదే చీటీ.

"అవి పగిలిపోయాయి కదండీ మామయ్యా" అన్నాను, సిగ్గుపడుతూనే.

"పగిలినా శాంపిలే గదమ్మా" అన్నారు. నా మీద కోపం ఎక్కడైనా మిగిలిందేమో అని ఆయన మొహంలో వెతికాను. లేదు.

గంటకోసారి మూత తీసి పళ్ళెంలో పొగాకు రేకు ఒకటి వంచి చూశాను. విరిగింది. మళ్ళీ విరిగింది. ఎండ వాలే వేళకు ఒక రేకు వంగి, వంగినట్టే ఉండి, విరగలేదు. నేను కెవ్వున అరిచాను. మామయ్య ఉలిక్కిపడి లేచారు. పైపు తీసి వెలుగులో పెట్టి చూశాం. అత్తగారి వేలు చెక్కుచెదరలేదు. రంగు తిరిగి పొగాకు మళ్ళీ నల్లగా అయింది. వాసన కూడా వచ్చింది. ఆ వాసనకు మామయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూడనట్టు నటించాను.

ఇక కట్టడం. మా అమ్మ కోస్తా నుంచి ఆవకాయ జాడీలు రైల్లో తెచ్చింది, ఒక్క చుక్క నూనె ఒలకలేదు. జాడీ మూతికి గుడ్డ కప్పి మెడ దగ్గర దారంతో బిగించే వాసెన కట్టు మా ఇంటి విద్య. పైపు మూతికీ అదే కట్టాలనుకున్నాను. గుంట మీద ముందుగా బూరుగు దూది ఒక్క పొర, బరువన్నది లేకుండా వదిలాను. దాని పైన నా పాత చీర ముక్క. మెడ చుట్టూ దారం ఏడు చుట్లు. ముడి వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఒక శాంపిల్ డబ్బా తెచ్చి జొన్నలు పోస్తూ, తడుతూ, మళ్ళీ పోస్తూ, పైపు ఇటూ అటూ కదలకుండా నింపాం. నింపడం నాది, తట్టడం ఆయనది.

లారీ వచ్చింది. సామానంతా వెనక ఎక్కించి, మామయ్యా నేనూ ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాం. డబ్బా నా ఒళ్ళో. కొండ దిగుతుంటే ఎదురుగా ఖనిజం లారీలు ఎర్రదుమ్ము లేపుతూ వస్తున్నాయి. గుంత వచ్చినప్పుడల్లా నేను సీటు మీంచి లేచి, డబ్బాను చేతుల్లో గాలిలో ఉంచుకున్నాను. డ్రైవరు కాసేపు చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఏంది తల్లీ అది, బంగారమా?"

"జొన్నలు" అన్నాను.

"జొన్నలకా ఇంత జతన?"

"నువ్వు రోడ్డు చూసి నడుపప్పా" అన్నారు మామయ్య.

దేశనూరులో మా కొత్త ఇంటి గడపలో మా అమ్మ నిలబడి ఉంది. దేవుడి పటం, ఉప్పు, పసుపు పళ్ళెంలో పెట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగించడానికి సిద్ధంగా ఉంది. నా చేతిలో డబ్బా ఏమిటని అడిగింది. నేను అబద్ధం ఆడలేక పైపు అన్నాను. అమ్మ మొహం మాడిపోయింది.

"పొగ పైపా! ఎంగిలిది! పాలు పొంగకముందే లోపలికి తెస్తావుటే?"

ఆ మాట నాదే. మూడు రోజుల క్రితం నేనూ అదే అనేదాన్ని. డబ్బా దింపకుండా గడప బయటే నిలబడ్డాను. వెనక నుంచి మామయ్య నెమ్మదిగా అన్నారు, "ఎంగిలి కాదు వదినమ్మా. నింపినాక ఎవరూ నోరు పెట్టలేదు." అమ్మ నన్ను చూసింది, ఆయన్ను చూసింది. ఏం అర్థమైందో ఏమో, దారి ఇచ్చింది.

పాలు పొంగాక డబ్బా విప్పాను. వాసెన విప్పాను. దూది పొర చిటికెన వేలి గోటితో లేపాను. గుంట అలాగే ఉంది, గోటి గీతతో సహా. నేను చెప్పలేదు, పైపును మామయ్య కళ్ళ ముందుకు జరిపాను అంతే. ఆయన చాలాసేపు చూసి, "వచ్చింది" అన్నారు. పైపును అనలేదు, నాకు తెలుసు.

ఆ తర్వాత ఆయన దేశనూరులో పదకొండేళ్ళు బతికారు. ఏడాదికోసారి, అత్తగారు పోయిన రోజున, నేను పదును పెట్టి వాసెన విప్పేదాన్ని. ఆయన చూసేవారు. మళ్ళీ కట్టేదాన్ని. మా వారు మాత్రం ఎప్పుడూ చూడలేదు. "నాకొద్దు" అని పొలం వైపు వెళ్ళిపోయేవారు. మగవాళ్ళ ఏడుపు అలాగే ఉంటుంది.

మామయ్య నిద్రలోనే పోయారు. ఇల్లంతా జనం. నేను వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి పైపు తీసి కొంగులో దాచుకున్నాను. అది ఆయనతోనే వెళ్ళాలి. నిజం చెబుతున్నాను, నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఇస్తే అత్తగారు ఇంక నాకు ఎక్కడ కనిపిస్తారు? ఎప్పుడూ చూడని మనిషిని అన్నేళ్ళు చూసుకున్నాను. లోపల ఆయన్ను ఎత్తుతున్న అలికిడి వినిపించింది. అప్పుడు వాసెన ఒక్కసారి విప్పి, కళ్ళారా చూసి, మళ్ళీ ఏడు చుట్లూ చుట్టాను.

ఆడవాళ్ళం గడప దగ్గరే ఆగిపోవాలి. మా వారు నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడి ఉన్నారు. పైపును ఆయన చేతిలో పెట్టాను.

"ఇదెందుకు?" అన్నారు.

"అత్తయ్య నింపి పెట్టింది. మామయ్య ఇంకా అంటించుకోలేదు."

ఆయన నా వైపు చూసి, దాన్ని తండ్రి గుండెల మీద, గుడ్డ కింద పెట్టారు. వెళ్ళిపోయారు.

పొద్దు వాలాక తిరిగి వచ్చి, లోపలికి రాకుండా గడప బయటే నిలబడ్డారు. నేను చెంబు తెచ్చి ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోశాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆయన తల ఎత్తలేదు. ఆ తర్వాత ఎత్తి, "అంటించినాను" అన్నారు.